మేస్త్రమ్మ పేనిన పొగాకు తాడు

తాళ్ళ మేస్త్రమ్మ బుద్ధెరిగిన నాటి నుంచీ ఏ తాడునీ చూసి జంకలేదు. పడవ కట్టే తాడు కానీ, లారీ మీద సరుకు బిగించే తాడు కానీ, కసరత్తు చేసేవాళ్ళు ఎగబాకే లావుపాటి తాడు కానీ, ఏది తెచ్చి ముందు పడేసినా సరే, బొటనవేలితో ఒకసారి పురి విడదీసి చూసేది. ఏ నారతో చేశారో, నార ఎన్నాళ్ళు నానిందో చెప్పేది. పేనినవాడు ఆ రోజు పెళ్ళాంతో పోట్లాడి వచ్చాడో లేదో కూడా చెప్పేసేది. ఆ చివరి మాట వేళాకోళానికి అంటోందని జనం నవ్వేవారు. ఆవిడ మాత్రం నవ్వేది కాదు.

"కోపంగా ఉన్నవాడు ఒక చోట బిగిస్తాడు, ఇంకో చోట వదిలేస్తాడు. వేలికి తెలిసిపోతుంది" అనేది.

ఇంటి వెనక సందు పొడుగునా ఉన్న రేకుల షెడ్డు ఆవిడది. ఒక చివర చక్రం, ఇంకో చివర పట్టాల మీద జారే బండి, ఎండ పడితే మధ్యలో మెరిసే నార దుమ్ము. భర్త పోయినప్పుడు, ఒంటి చేత్తో నడపలేవు, అమ్మేసెయ్యి అని సలహా చెప్పడానికి వచ్చినవాళ్ళందరికీ టీ ఇచ్చి పంపించేసింది. షెడ్డు ఒక్క రోజు కూడా మూతపడలేదు. పేనిన ప్రతి కొత్త తాడునీ దూలానికి కట్టించి, రెండు చేతులా పట్టుకుని, తానే వేలాడి చూసేది. అరవైకి దగ్గరపడ్డా ఆ అలవాటు మానలేదు. "నేను వేలాడని తాడు నా గుమ్మం దాటదు" అన్నది ఆవిడ మాట. పనివాళ్ళు ఆ సమయానికి పని ఆపి కింద చేతులు చాపి నిలబడేవారు. ఆవిడ ఎప్పుడూ పడలేదు గానీ, వాళ్ళకి మాత్రం గుండెలు నోట్లోకి వచ్చేవి.

ఆవిడ ఒక్కగానొక్క కూతురు బళ్ళో టీచరు. అల్లుడు రైలు గార్డు. వారంలో సగం రోజులు పట్టాల మీదే. ఇద్దరూ అదే ఇంటి మేడ మీద ఉండేవారు. అల్లుడి తండ్రి ఓడల్లో ఇంజను గదిలో చేరి, సరంగుగా, అంటే అక్కడి పనివాళ్ళ మేస్త్రీగా, రిటైరయ్యాడు. భార్య పోయి చాలా కాలమైంది. రేవు పక్కన అద్దె గది ఖాళీ చేసి, ఒక రేకు పెట్టె పట్టుకుని కొడుకు దగ్గరకు వచ్చేశాడు. మనిషి పొడగరి, మాట మహా పొదుపు. మేస్త్రమ్మ పది మాటలంటే ఆయన ఒకటి అనేవాడు, అది కూడా "ఊఁ" అనే.

"ఇదేం వియ్యంకుడే తల్లీ! గోడతో మాట్లాడినా కాస్త ఎదురు శబ్దం వస్తుంది" అని మేస్త్రమ్మ కూతురి దగ్గర విసుక్కునేది.

"నువ్వు ఆయనకు సందు ఎప్పుడిచ్చావమ్మా?" అనేది కూతురు.

ఒక ఉదయం మేస్త్రమ్మ షెడ్డుకు వెళ్తూ పెరటి మెట్ల దగ్గర ఆగింది. మెట్టు మీద ఒక డబ్బా తెరిచి ఉంది. అందులో తడిగుడ్డ మీద నల్లగా నిగనిగలాడుతూ, బొటనవేలి లావున, గుండ్రంగా చుట్టిన తాడు. పక్కన చిన్న చాకు. సరంగుగారు మెట్టు మీద కూర్చుని పైపు తుడుచుకుంటున్నాడు.

"తారు తాడా అన్నయ్యగారూ? పురి భలే సమంగా ఉందే! ఎవరు పేనారు?" అంటూ తీసి, పరీక్షగా ముక్కు దగ్గర పెట్టుకుంది.

అంతే, వరసగా తుమ్ములు. కళ్ళు తుడుచుకుని చూసేసరికి సరంగుగారు నవ్వుతున్నాడు. ఆ ఇంటికి వచ్చాక ఆయన పళ్ళు కనబడటం అదే మొదలు.

"తాడే చెల్లెమ్మా. కట్టుకోడానికి కాదు, కాల్చుకోడానికి."

అది పొగాకు. ఈనె తీసిన ఆకుల్ని తాడులా పేని, చుట్టి, బరువు కింద అణిచి మగ్గబెట్టినది. చాకుతో నాణేల్లా పలచగా తరిగి, అరచేతుల మధ్య నలిపి పైపులో కూరుకోవచ్చు. లేదంటే చిన్న ముక్క కోసి బుగ్గన పెట్టుకోవచ్చు. ఇంజను గదిలో నూనె ఆవిరికి అగ్గిపుల్ల గీయకూడదు కాబట్టి అక్కడ బుగ్గన. డెక్కు మీదికి వస్తే పైపులో. సరంగుగారు ఇదంతా వివరంగా చెప్పాడు. మేస్త్రమ్మ మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు తగలకుండా విన్నది. పురి కుడి వైపు తిప్పారా ఎడమ వైపా, పై ఆకు వేరేగా చుట్టారా, ఎంత తడి మీద పేనారు అని మాత్రం అడిగింది. ఆయన తల గోక్కుని, "ఇన్నేళ్ళు నోట్లో పెట్టుకున్నాను గానీ ఇవేవీ చూడలేదమ్మా" అన్నాడు.

ఆ రోజు నుంచి ఇద్దరికీ మాటలు కలిశాయి. షెడ్డులో టీ వేళకు ఆయన కూడా వచ్చి మూల ఉన్న నార మోపు మీద కూర్చునేవాడు.

కొంత కాలానికి ఆయన మళ్ళీ మూగబోయాడు. రేవు నుంచి పాత స్నేహితుడు ఫోన్ చేశాడట. రేవులో ఆ పొగాకు పేని అమ్మే ముసలాయన కొట్టు మూసేసి వెళ్ళిపోయాడు. పని నేర్చుకున్నవాళ్ళు ఎవరూ లేరు. సరంగుగారి డబ్బాలో మిగిలింది జానెడు కూడా లేదు. పొట్లాల్లో అమ్మే పొగాకు తెచ్చి ఒక రోజు ప్రయత్నించాడు. రెండు దమ్ములు లాగి, పైపు బోర్లించి, "ఎండుగడ్డి" అన్నాడు.

కోడలికి మాత్రం సంబరంగా ఉంది. "మంచిదే అయింది మామయ్యగారూ. ఈ వంకనైనా మానేయండి. మీ దగ్గు వింటే నాకు భయమేస్తుంది."

"మానేస్తానులే అమ్మా" అన్నాడాయన. ఆ మాట అన్న తీరుకు మేస్త్రమ్మ మనసు చివుక్కుమంది. మనిషి కుర్చీలో కూర్చున్నాడు గానీ ఎవరో గాలి తీసేసినట్టున్నాడు.

మర్నాడు టీ వేళ మేస్త్రమ్మ తేల్చేసింది.

"నేను పేనుతాను."

సరంగుగారు గ్లాసు కింద పెట్టాడు. "చెల్లెమ్మా, అది తాడు కాదు."

"తాడులా పేనిందేదైనా తాడే. మీరు ఆకు ఎక్కడ దొరుకుతుందో చెప్పండి చాలు. మిగతాది నాకొదిలేయండి."

బజారులో ఆకు మండీకి ఇద్దరూ కలిసే వెళ్ళారు. మండీవాడు చూపించిన మొదటి కట్టల్ని ఆవిడ అలా పట్టుకుని ఇలా పడేసింది. నార కొంటున్న కాలం నుంచీ ఆవిడ వేళ్ళకు ఒక పద్ధతి ఉంది. ఆకు మడిస్తే విరగకూడదు, లాగితే కాస్త సాగాలి. చివరికి అడుగున ఉన్న ముదురు గోధుమరంగు కట్టలు ఏరుకుంది. మండీవాడు ముక్కున వేలేసుకుని, "చుట్టలు చేస్తారా అమ్మా?" అన్నాడు.

"తాళ్ళు" అంది మేస్త్రమ్మ.

మొదటి ప్రయత్నం చక్రం మీదే జరిగింది. పనివాళ్ళు చుట్టూ మూగారు. జనపనారకు ఇచ్చే బిగువే ఇచ్చిందేమో, రెండు తిప్పులకే ఆకులు పటపటా చిరిగి, షెడ్డంతా పొగాకు పొడి. అందరికీ తుమ్ములు. పనివాళ్ళలో పెద్దాయన కళ్ళు నులుముకుంటూ, "మేస్త్రమ్మా, ఇకనుంచి మాకు జీతంతో పాటు నస్యం కూడానా?" అన్నాడు. ఆవిడ కూడా నవ్వింది. నవ్వి, చక్రం పక్కకు నెట్టి, బల్ల మీద తడిగుడ్డ పరిచింది. ఇది చక్రం పని కాదు, అరచేతి పని అని తెలిసిపోయింది.

రెండోసారి ఆకుల్ని రాత్రంతా తడిగుడ్డలో ఉంచింది. పొద్దున ఈనెలు తీసి, చిన్నాకులు లోపల, పెద్దాకు పైన పెట్టి, అరచేత్తో బల్ల మీద దొర్లిస్తూ, కొస అందుకుని పురి ఎక్కిస్తూ పోయింది. మధ్యాహ్నానికి ఒక తాడు తయారైంది. సన్నబడలేదు, లావెక్కలేదు, ఎక్కడా అతుకు కనబడలేదు. పెద్దాయన దాన్ని తడిమి చూసి నోరెళ్ళబెట్టాడు. మేస్త్రమ్మ దాన్ని పళ్ళెంలో చుట్టి, గుడ్డ కప్పి, స్వయంగా సరంగుగారికి అందించింది.

ఆయన తరిగాడు, నలిపాడు, ముట్టించాడు. కాసేపు ఆకాశం వంక చూశాడు.

"బాగుందమ్మా" అన్నాడు.

మర్నాడు చెత్తబుట్ట తీయబోతే కూరగాయల తొక్కుల కింద ఆ తాడు కనిపించింది. మేస్త్రమ్మ దాన్ని దులిపి పట్టుకుని, తిన్నగా మెట్ల దగ్గరకు వచ్చింది.

"అబద్ధం ఎందుకు చెప్పారు అన్నయ్యగారూ?"

సరంగుగారు బళ్ళో దొరికిపోయిన పిల్లాడిలా తల వంచుకున్నాడు. "అబద్ధం కాదు. చూడ్డానికి బాగుంది అన్నాను."

"నా పని చూడ్డానికి కాదు. లోపమేమిటో చెప్పండి."

"ఏం చెప్పను? ఘాటు ఉంది. కానీ అది ముక్కు దగ్గరే ఆగిపోతుంది. అసలు దాని ఘాటు... అది వేరు. నెమ్మదిగా వస్తుంది. వచ్చాక పోదు."

మేస్త్రమ్మ ఆ మెట్టు మీదే కూర్చుంది. ఆయనకు తెలుసు కానీ చెప్పలేడు. తనకు చెయ్యడం తెలుసు కానీ ఏది చెయ్యాలో తెలియదు. వేలాడి చూడకుండా తాడు ఇవ్వడం ఆవిడ ఇంతవరకు చెయ్యలేదు. ఇప్పుడు చేసింది అదే.

"మీ దగ్గర మిగిలిన అసలు తాడు ఇలా ఇవ్వండి. నేను రుచి చూస్తాను."

"అయ్యో, వద్దమ్మా! అది మామూలు ఘాటు కాదు. కండలు తిరిగిన కుర్రాళ్ళు మొదటిసారి నోట్లో పెట్టుకుని ఓడ అంచు పట్టుకుని వేలాడటం నేను చూశాను."

"నేను వేలాడటంలోనే ఆరితేరినదాన్ని."

ఆయన ఎంత చెప్పినా వినలేదు. చివరికి చాకుతో కందిగింజంత ముక్క కోశాడు. ఆవిడ ఆ ముక్క వంక, ఆయన వంక చూసింది. "ఇది చీమకి పెట్టండి" అంది. ఆయన నిట్టూర్చి ఇంకాస్త పెద్దది కోసి ఇచ్చి జాగ్రత్తలు చెప్పాడు. నమలకూడదు. బుగ్గన ఊరికే పెట్టి ఉంచాలి. ఊరిన రసం ఉమ్మేయాలి. ఏం జరిగినా సరే, మింగకూడదు.

మేస్త్రమ్మ పెట్టుకుంది. మొదట ఏమీ లేదు. తరవాత పొయ్యి పక్కన ఆరిన కట్టె వాసన లాంటిది నాలుక మీదికి వచ్చింది. దాని వెనక మిరియపు మంట. మంట తగ్గాక అడుగున ఏదో తీపి. తీపి అని తేల్చుకునేలోగా పులుపు. అరె, ఈ పులుపు నాకు తెలుసే, అనుకుంది. నార నానబెట్టిన తొట్టి మూత తీసినప్పుడు ముక్కుకు తగిలేది ఇదే. ఆ సంగతి తోచిన సంతోషంలో ఆవిడ తన అలవాటు ఆపుకోలేకపోయింది. నోరు తెరిచింది.

"అన్నయ్యగారూ, ఇది పచ్చి ఆకు కాదు, ఇది మగ్గి..."

ఊరిన రసం గుటుక్కున లోపలికి పోయింది.

మొదట ఎక్కిళ్ళు మొదలయ్యాయి. తరవాత చెవుల వెనక చెమట. ఆ తరవాత పెరటి గోడ మెల్లగా పక్కకు ఒరిగి, మళ్ళీ నిలబడి, మళ్ళీ ఒరిగింది. మేస్త్రమ్మ హుందాగా లేచి, నాలుగడుగులు వేసి షెడ్డులోకి వెళ్ళి, ముక్క బయటికి ఊసేసి, నార మోపు మీద వెల్లకిలా పడుకుంది. పనివాళ్ళు పరుగెత్తుకు వచ్చారు. సరంగుగారు పంచదార నీళ్ళ గ్లాసుతో, మొహంలో నెత్తుటి చుక్క లేకుండా వచ్చాడు.

"తల కాస్త ఎత్తు చెల్లెమ్మా. కొద్దికొద్దిగా తాగు. అదే తగ్గిపోతుంది. నేను చెప్పాను కదా..."

"చెప్... చెప్పారు" అంది ఎక్కిళ్ళ మధ్య.

బడి నుంచి అప్పుడే వచ్చిన కూతురు ఆ దృశ్యం చూసింది. సంగతి విన్నది. తల్లి చెయ్యి పట్టుకుని నాడి చూసి, ప్రమాదం లేదని తేల్చుకున్నాక నడుం మీద చేతులు వేసుకుంది.

"బళ్ళో ముప్ఫైమంది కోతుల్ని భరించి ఇంటికొస్తే ఇక్కడ మీరిద్దరా! అమ్మా, ఈ వయసులో నీకు పొగాకు కావలసొచ్చిందా? మామయ్యగారూ, ఆవిడ అడిగితే మాత్రం మీరు ఇచ్చేస్తారా?"

"అడగలేదమ్మా, లాక్కుంది" అన్నాడు సరంగుగారు.

"నేనే లా... లాక్కున్నాను" అంది మేస్త్రమ్మ. "ఆయన్ని ఏమీ అనకు."

కూతురు చాలాసేపు చివాట్లు పెట్టింది. ఆమె మేడ ఎక్కాక మేస్త్రమ్మ కళ్ళు మూసుకునే అంది. "అన్నయ్యగారూ. తెలిసిపోయింది. మన తప్పు పేనడంలో లేదు. మనం దానికి వయసు రానివ్వలేదు."

ఆ మర్నాడు పైపు కూడా ప్రయత్నించింది. ఈసారి ఆయన చెప్పిందల్లా అక్షరాలా పాటించింది. పలచగా తరిగిన రెండు బిళ్ళలు నలిపి, వదులుగా కూరి, పొగ లోపలికి పీల్చకుండా నోట్లోనే ఉంచి వదిలింది. గోడలన్నీ ఎక్కడివక్కడే నిలబడ్డాయి. నోట్లో ఉన్న రుచీ పొగలో ఉన్న రుచీ ఒకటే కాదని, పొగలో పులుపు పోయి తీపి పైకి వస్తుందని తెలుసుకుంది. ఇష్టమా అంటే అంత ఇష్టమేమీ కలగలేదు. కానీ తాను చెయ్యవలసిన వస్తువు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో ఆవిడ నాలుకకు ఇప్పుడు పక్కాగా తెలుసు.

ఇక పని మొదలైంది. ఈనెలు తీయడం సరంగుగారి వంతు. ఆయన చేతులు పెద్దవి, మొదట్లో సగం ఆకులు చింపేశాడు. మేస్త్రమ్మ మొహమాటపడకుండా చివాట్లు పెట్టింది. ఆయన మొహమాటపడకుండా నేర్చుకున్నాడు. పేనిన తాడుకు తినే నూనె పలచగా పట్టించి, బిగువుగా చుట్టలు చుట్టి, గుడ్డలో మూటగట్టారు. తాళ్ళు సాగదీయడానికి వాడే ఇనప దిమ్మల కింద పెట్టి, తాళ్ళకు రంగు కాచే తొట్టి పక్కన వెచ్చగా ఉండే మూలకు చేర్చారు.

మొదటి మూటకు బూజు పట్టింది. విప్పగానే తెల్లటి నూగు. సరంగుగారు చేతులెత్తేసినట్టు చూశాడు. మేస్త్రమ్మ దాన్ని తీసుకెళ్ళి పొయ్యిలో వేసి, చేతులు కడుక్కుని వచ్చి, "తడి ఎక్కువైంది. నార కూడా మొదట్లో ఇలాగే ఏడిపించింది నన్ను" అంది. రెండో మూట మాత్రం ఆకును సరిపడా ఆరనిచ్చాకే కట్టింది. దిమ్మ ఇంకొకటి ఎక్కించింది. పనివాళ్ళు ఆ మూల నుంచి వచ్చే వాసనకు మొదట ముక్కులు మూసుకున్నారు. తరవాత అలవాటుపడ్డారు. ఇంకొన్నాళ్ళకు పెద్దాయన, "మేస్త్రమ్మా, ఈవేళ వాసన మారింది. పళ్ళ బుట్ట వాసనలా ఉంది" అని తానే వచ్చి చెప్పాడు. మూట విప్పబోయిన సరంగుగారి చెయ్యి మీద ఆవిడ ఒక్కటి వేసింది.

"ఇంకా కాదు."

ఆకాశం మబ్బుపట్టి గాలి చల్లబడిన రోజుల్లో ఒక ఉదయం, "ఇప్పుడు" అంది మేస్త్రమ్మ.

గుడ్డ విప్పారు. లోపల నల్లగా, నిగనిగలాడుతూ, పక్కపక్క చుట్లు ఒకదానికొకటి అతుక్కుని. మేస్త్రమ్మ తానే చాకు తీసుకుని ముందు తన బుగ్గన చిన్న ముక్క పెట్టుకుంది. ఈసారి పెదవులు కుట్టేసినట్టు మూసుకుంది. పనివాళ్ళందరూ ఆవిడ మొహం వంకే చూస్తున్నారు. కట్టె వాసన వచ్చింది. మంట వచ్చింది. తీపి, కాస్త ఆలస్యంగా. పులుపు. ఆవిడ పక్కకెళ్ళి ఉమ్మేసి, నోరు పుక్కిలించి, చాకు సరంగుగారి చేతికిచ్చింది.

ఆయన తరిగి, నలిపి, పైపులో కూరి, పెరట్లోకి వెళ్ళి ముట్టించాడు. చాలాసేపు ఏమీ అనలేదు. ఇదివరకైతే ఆ మౌనానికి మేస్త్రమ్మ ఉడికిపోయేదే. ఇప్పుడు గుమ్మానికి ఆనుకుని తీరిగ్గా నిలబడింది. ఆయన ఏమంటాడో ఆవిడకు ముందే తెలుసు.

"అది కాదు ఇది" అన్నాడు చివరకు.

"కాదు" అంది ఆవిడ.

"దానికి కాస్త తారు వాసన ఉండేది. దీనికి లేదు. కానీ చెల్లెమ్మా..." ఆయన పైపు వంక చూసుకున్నాడు. "ఇది వచ్చాక పోవడం లేదు."

"పోదు. నేను పేనాను కదా."

రేవులో ఉన్న పాత స్నేహితుడికి ఒక ముక్క వెళ్ళింది. ఆయన నుంచి ఇంకో ఇద్దరికి తెలిసింది. ఒక రోజు ముగ్గురు రిటైరైన ఓడ మనుషులు షెడ్డు వెతుక్కుంటూ వచ్చి, మూల ఉన్న దిమ్మల్ని గౌరవంగా చూసి వెళ్ళారు. సరంగుగారు ఇప్పుడు పొద్దున్నే పనివాళ్ళతో పాటు షెడ్డుకు వస్తాడు. ఆకు ఏరడం ఆయన పని, మండీకి వెళ్ళడం ఆయన పని. మండీవాడితో బేరమాడేటప్పుడు మేస్త్రమ్మ కంటే ఎక్కువ మాట్లాడతాడని పెద్దాయన అంటాడు. రోజంతా ఆకుల మధ్య ఉంటాడు గానీ పైపు మాత్రం సాయంత్రం ఒక్కసారే వెలిగిస్తాడు. అది కోడలు పెట్టిన షరతు. నోటి మాటే అయినా ఓడ కెప్టెను హుకుంలా పాటిస్తాడు. ఆమెదే ఇంకో షరతు కూడా ఉంది. షెడ్డులోనో పెరట్లోనో ఏం చేసుకున్నా చేసుకోండి, ఆ వాసన మాత్రం గుమ్మం దాటి లోపలికి రాకూడదు.

మేస్త్రమ్మ పొగాకు అలవాటు చేసుకోలేదు. ప్రతి మూట విప్పినప్పుడు ఒక్క ముక్క బుగ్గన పెట్టి చూస్తుంది, ఉమ్మేస్తుంది, పుక్కిలిస్తుంది, టీ తాగుతుంది. ఆ కాసేపూ షెడ్డులో ఉండే నిశ్శబ్దం పనివాళ్ళకు పండగలా ఉంటుందట.

మొన్న కొత్త మూట కట్టేటప్పుడు ఇద్దరికీ పెద్ద గొడవే అయింది. నూనె తగ్గించాలని ఆయన, పురి పెంచాలని ఆవిడ.

"నాకు తెలుసు చెల్లెమ్మా, ఇంత నూనె ఉంటే పైపులో బుసబుసలాడుతుంది."

"బిగించి పేనితే ఆ నూనె లోపలే ఉంటుంది అన్నయ్యగారూ. అసలు మీకు పురి అంటే ఏం తెలుసని?"

"నీకు పైపు అంటే ఏం తెలుసని?"

మేడ మీద కిటికీ తెరుచుకుంది. "అన్నం చల్లారిపోతోంది!" అని కూతురు కేక వేసింది.

"వస్తున్నాం!" అన్నారు ఇద్దరూ ఒకేసారి. ఇద్దరిలో ఒక్కరూ బల్ల దగ్గర నుంచి కదల్లేదు.